చెష్మే రేవులో పదకొండు పడవలు

రెండు కాగితాలూ ఇంకా బసవపున్నయ్య చొక్కా జేబులోనే ఉన్నాయి. ఒకటి టైపు చేసింది. రెండోది ఆయన తన చేత్తో రాసుకున్నది. పోయిన వారం మనం ఆయన్ని వదిలిపెట్టేసరికి బూర్గంపాడులో బస్సు దిగి, వీటిలో దేన్ని విచారణాధికారి ముందు పెట్టాలో తేలక టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. టీ చల్లారిపోయింది. విషయం మాత్రం తేలలేదు.

జరిగింది మరిచిపోయినవాళ్ళ కోసం, ఇవాళే ఈ కథలోకి అడుగుపెట్టినవాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్దాం.

1770లో చెష్మే అనే తుర్కీ రేవులో ఒట్టోమన్ సుల్తాను నౌకాదళం ఒక్క రాత్రిలో కాలి బూడిదైంది. రష్యా ఓడలతో మొదటి రోజు పోరులో దెబ్బ తిని, లంగరు తాళ్ళు నరుక్కుని ఆ ఇరుకు రేవులోకి పారిపోయాయి తుర్కీ ఓడలు. ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడ్డాయి. మర్నాటి రాత్రి రష్యన్లు వాటి మీదికి మండే సరుకు నింపిన నిప్పుపడవలు వదిలారు. ఒకటి తగిలింది. ఆ ఓడ మంట పక్క ఓడకు, దాని మంట ఆ పక్కదానికి పాకింది. తెల్లారేసరికి రేవు నిండా బొగ్గులు, శవాలు.

ఆ యుద్ధాన్ని విదేశీ టీవీ కోసం తీస్తానని ఒక సినిమా కంపెనీ ఈ ఫిబ్రవరిలో గోదావరి ఒడ్డుకు వచ్చింది. సముద్రం మీద తీయడం కంటే ఇక్కడ ఖర్చు తక్కువ. ఇప్పలగుంపు అనే పల్లె పడవలు పదకొండింటికి తెరచాపలెత్తి, అట్టముక్కలతో ఫిరంగి కిటికీలు అతికించి, తుర్కీ నౌకాదళం అన్నారు. ఆ గుంపు మనుషులకు తలపాగాలు చుట్టి, దూది కుట్టిన కోట్లు తొడిగి తుర్కీ నావికులు అన్నారు. యుద్ధం ఎట్లా జరిగిందో చెప్పే పని బసవపున్నయ్యది. వేంసూరు రైతు కుటుంబం, నౌకాదళంలో ఇరవై రెండేళ్ళ ఉద్యోగం. ఉద్యోగంలో చేరిన కొత్తలో శిక్షణకు రష్యా వెళ్ళినప్పుడు చెష్మే కథ ఆయన బుర్రలో పడింది, ఇక బయటికి పోలేదు. ఈ పని ఇప్పించింది ఆయన మేనల్లుడే. కంపెనీ మేనేజరు వెంకటరామారావు.

తొమ్మిది రోజుల కిందట, మధ్యాహ్నం, నిప్పుపడవను ఆపాల్సిన ఇనుప తీగ ఊడిపోయింది. గాలి తిరిగింది. పక్కపక్కన కట్టిన పదకొండు పడవల్లో ఐదోదానికి నిప్పు తగిలింది. షూటింగు కోసం పోసిన కిరసనాయిలు నీళ్ళ మీద తెట్టెలా పరుచుకుని ఉంది. ఇద్దరు పోయారు. సమ్మయ్య శవం దొరికింది. తండా నుంచి కూలికొచ్చిన రెడ్యా శవం ఇంకా దొరకలేదు.

పడవలన్నీ కట్టింది సమ్మయ్యకు అన్న అయిన దస్రు. ఇప్పుడు పోలీసుల దగ్గర ఉన్నది కూడా అతనే.

టైపు చేసిన కాగితం కంపెనీ పంపింది. అందులో మూడు సంగతులున్నాయి. ఒకటి, గుంజితే ఊడే ముడి వేయమన్నా వినకుండా దస్రు బిగుసుకునే ముడులు వేశాడు. రెండు, కట్టిన పడవ తాడు కోయకూడదన్న మూఢనమ్మకంతో, మంట వస్తున్నా పడవల్ని విడదీయలేదు. మూడు, చివరి పడవ తాడు దానంతటదే కాలి తెగి, ఖాళీగా కొట్టుకుపోయింది. అప్పుడు మేనేజరు ఒడ్డు మీద జనరేటర్ దగ్గర ఉన్నాడని కూడా రాశారు. కింద బసవపున్నయ్య సంతకానికి చోటు వదిలారు.

ఆయనకు తెలిసినంతలో అందులో అబద్ధం లేదు. లేనిది ఒక్కటే. కత్తుల మాట.

రెండో కాగితంలో ఉన్నది ఆ మాటే.

* * *

మండలాఫీసు వెనక వసారాలో దస్రు గోడకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. రెండు చేతులకూ మణికట్టు దాకా తెల్లటి కట్లు. వాటిని తనవి కానట్టుగా మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. కాపలా కానిస్టేబుల్ దేవ్‌సింగ్ బసవపున్నయ్యను చూసి లేచి, కుర్చీ తెచ్చి వేశాడు.

"లోపల పెద్దసారు టిఫిన్ చేస్తుండు. ఇడ్లీ అయినంక వడ ఉన్నది. వడ అయ్యేదాక మీ టైము" అన్నాడు. నవ్వించాలని అన్న మాట. ఎవరూ నవ్వకపోయేసరికి బీడీ తీసుకుని కానుగ చెట్టు కిందికి పోయాడు.

బసవపున్నయ్య కుర్చీలో కూర్చోలేకపోయాడు. నేల మీద, దస్రుకు ఎదురుగా చతికిలబడ్డాడు. అరవయ్యొక్కేళ్ళ మోకాళ్ళు కలుక్కుమన్నాయి. దారిలో ఏం మాట్లాడాలో వరస పెట్టుకున్నాడు. ఆ వరసంతా పోయింది. ఇప్పుడు తన మనసు అడుగున ఉన్న కోరిక ఆయనకే కనిపించింది, సిగ్గేసింది. దస్రు నోటితో 'మీ తప్పేం లేదు సారూ' అనిపించుకుని, లోపలికి పోయి టైపు కాగితం మీద సంతకం పెట్టేయాలని వచ్చాడు. తొమ్మిది రోజుల్నుంచీ నిద్ర లేనివాడి కోరిక అది.

చేతులెట్లా ఉన్నాయని అడిగాడు. ఉన్నయ్ అన్నాడు దస్రు. అన్నం ఎట్లా తింటున్నావని అడిగాడు. దేవ్‌సింగ్ సారు పెడుతున్నాడని చెప్పాడు. ఇక అడగడానికేమీ మిగల్లేదు.

"నీకొక సంగతి చెప్పాలి దస్రూ. ఆ రోజు పొద్దున్నే మీ దగ్గర కత్తులన్నీ తీయించింది నేను."

దస్రు తల ఎత్తాడు.

బసవపున్నయ్య చెప్పుకుపోయాడు. కెమెరాలో చూస్తే తుర్కీ నావికుల నడుములకు ఎర్ర ప్లాస్టిక్ పిడి కత్తులు కనబడుతున్నాయని డైరెక్టరు నవ్వాడు. చరిత్ర నవ్వులపాలవుతుందని తనకు ఒళ్ళు మండింది. ఒడ్డు మీద జనరేటర్ పక్కనున్న రేకు పెట్టె తెరిపించి, కత్తులన్నీ అందులో వేయమన్నాడు. పడవవాళ్ళు వెనకాడారు. నీళ్ళ మీద కత్తి లేకుండా ఎట్లా అన్నారు. అప్పుడు తను నేవీ నుంచి తెచ్చుకున్న కత్తిని, పెద్ద తాళ్ళు కోయడానికి వీపున రంపపు పళ్ళున్న కత్తిని, అందరికంటే ముందు పెట్టెలో వేశాడు. నాది వేశాను, ఇక మీకేం అన్నాడు. దాని మీద వాళ్ళ కత్తులు పడ్డాయి. వెంకటరామారావు తాళం వేసి చెవి జేబులో పెట్టుకున్నాడు. అంతటితో ఊరుకోలేదు తను. నైలాన్ తాళ్ళు ఆ కాలంలో లేవని విప్పించి, కొబ్బరి తాళ్ళు తెప్పించాడు. ఎండలో ఎండిన కొబ్బరి పీచు ఎట్లా అంటుకుంటుందో పొయ్యి రాజేసే ఏ ఆడమనిషినడిగినా చెబుతుంది. తను మాత్రం ఎవరినీ అడగలేదు.

"నీ నడుముకు కత్తి ఉంటే నువ్వు కోసేవాడివే. నమ్మకం అనీ, మూఢం అనీ అందరూ అంటుంటే విని ఊరుకున్నా. నా తప్పు పైకి రాకుండా నీ నమ్మకం అడ్డం పడిందని లోపల లోపల సంతోషపడ్డా. అదీ సంగతి."

దస్రు చెట్టు కింది బీడీ పొగ వైపు చూశాడు. తరవాత మెల్లగా అన్నాడు.

"కత్తి ఉండె సారూ."

బసవపున్నయ్యకు అర్థం కాలేదు.

"పెద్దది పెట్టెల ఏసిన. పొగాకు కోసుకునే చిన్నది మీరు కట్టించిన తలపాగల దోపుకున్న. మంట లేవంగనే తీసిన. చేతిల పట్టుకునే ఉన్న. కొయ్యలే."

వసారా చూరు కింద పిచ్చుక ఒకటి పుల్ల జారవిడిచింది. బసవపున్నయ్యకు తొమ్మిది రోజులుగా మోస్తున్న బరువు ఒక్కసారి దిగి, దాని చోట అంతకంటే బరువైనదేదో ఎక్కి కూర్చున్నట్టు అయింది. అయితే టైపు కాగితం నిజమే. ఈ మనిషి చేతిలో కత్తి పెట్టుకుని, తమ్ముడు కాలిపోతుంటే, ఏ గంగమ్మ మాటకో కట్టుబడి నిలబడ్డాడు. ఆయనకు దస్రు మీద కోపం కూడా వచ్చింది. ఆ కోపంలో కాస్త ఊరట ఉంది.

"ఎందుకు కోయలేదు మరి? ఆచారమనా?"

"అవ్. ఆచారమే." దస్రు కట్లు కట్టిన చేతుల్ని ఎత్తి, ఒకదాని పక్కన ఒకటి ఆనించి చూపించాడు. "వరదలప్పుడు మా తాతలు పడవలు గిట్ల జోడించేది. ఏదన్న ఒకటి మునిగితె అండ్లోళ్ళు పక్కదాన్ల కాలు పెడ్తరు, అది మునిగితె ఆ పక్కదాన్ల. అవతల మనిషి ఉండంగ తాడు కొయ్యొద్దు అన్నరు. మూఢం గీఢం ఏందో నాకెరుక లేదు. తాడు కోస్తే సమ్మయ్య ఎట్ల దాటి వస్తడు సారూ?"

బసవపున్నయ్య పక్కపక్కన ఆనించిన ఆ చేతుల వైపు చూశాడు.

రిహార్సల్ రోజులు గుర్తొచ్చాయి. ఇసుక మీద పుల్లలు పేర్చి, ఇవి తుర్కీ ఓడలు, ఇవి రష్యా ఓడలు అని ఆయన యుద్ధం చెప్పేవాడు. రష్యా పెద్ద ఓడ తుర్కీ పెద్ద ఓడను కొక్కేలతో పట్టుకుంటే, తుర్కీ ఓడ తెరచాప స్తంభం కాలి రష్యా ఓడ మీద పడి, రెండూ నాశనమైన వైనం చెప్పేవాడు. పడవవాళ్ళు గొంతుక్కూర్చుని వినేవాళ్ళు. ఒకరోజు దస్రు ఒకటే ప్రశ్న అడిగాడు. ఓడలు అంత దగ్గరగా ఉంటే, కాలే ఓడలో వాళ్ళు పక్క ఓడల మీదికి దాటారా అని. బసవపున్నయ్య చదివిన పుస్తకాల్లో ఎన్ని ఓడలు కాలాయో ఉంది, ఎన్ని ఫిరంగులున్నాయో ఉంది. మనుషులు ఎటు పరిగెత్తారో లేదు. అదంతా మనకెందుకులే అని నవ్వేసి పుల్లలు చెరిపేశాడు.

ఇప్పుడు దస్రు చెప్పాడు. ఆ రోజు తను తొమ్మిదో పడవలో ఉన్నాడు. ఎనిమిది, తొమ్మిది మధ్య తాడు కోస్తే ఇవతలి మూడు పడవలూ మిగులుతాయి. ఈతొచ్చినవాళ్ళు కిరసనాయిలు అంటుకోకముందే నీళ్ళలోకి దూకేశారు. రెడ్యాకు ఈత రాదు. ఆరో పడవలో తెరచాప పట్టుకుని వణుకుతూ నిలబడిపోయాడు. సమ్మయ్య అతని కోసం వెనక్కి వెళ్ళాడు. ఇద్దరూ ఏడోదానికి వచ్చారు, ఎనిమిదోదానికి వచ్చారు. అప్పటికి మధ్యనున్న తాడు అంటుకుంది. పడవలు విడిపోబోతున్నాయి. దస్రు కత్తి పడవలో పడేసి, ఎనిమిదో పడవ అంచు ఒక చేత్తో, మండుతున్న తాడు ఒక చేత్తో పట్టుకుని, వాళ్ళు దాటేదాకా రెండు పడవల్నీ కలిపి ఉంచాడు.

దవాఖానాలో డాక్టరమ్మ ఆశ్చర్యపోయిందట, పై భాగం కాలకుండా అరచేతులే ఎట్లా కాలాయని. ఎట్లా కాలాయని పోలీసులు అడగలేదు. కంపెనీ అడగలేదు. బసవపున్నయ్య కూడా కట్లు చూశాడు కానీ అడగలేదు.

"ఇద్దరు దాటిన్రు. చివరిదాన్లకు ఉరుకున్రి, అది సమ్మయ్యదే, నా కత్తి తీస్కొని దాని తాడు కోసుకుని పోన్రి అన్న. నా కోటు అంటుకుంటే నీళ్ళల పడ్డ. పొగల మళ్ళ ఏం కనవడలే." దస్రు చేతులు మళ్ళీ మోకాళ్ళ మీదికి దించాడు. "పదకొండోదాన్ల ఎక్కిన్రనే అనుకున్న. మూడో రోజు తమ్ముని శవం దొరికేదాక గట్లనే అనుకున్న. కొయ్యకుండ మంటను ఇవతలికి తెచ్చిన్నేమో, గదే ఆళ్ళను పట్టుకున్నదేమో. పోలీసులు చదివి చెప్పిన కాయితంల రాసింది నిజమే సారూ. మీరు సంతకం పెట్టున్రి."

బసవపున్నయ్య కావాలనుకుని వచ్చిన మాట అది. దొరికింది. దాన్ని ఏం చేసుకోవాలో ఆయనకు తెలియలేదు.

* * *

దేవ్‌సింగ్ ఎవరినో వద్దంటున్నాడు. ఆమె ఆగలేదు. సమ్మయ్య భార్య ఆదెమ్మ. మోకాళ్ళ దాకా తడి ఇసుక, భుజం మీద తాడు చుట్ట. తొమ్మిది రోజుల్లో బావతో ఒక్క మాట మాట్లాడలేదని, అతను ఎదురొస్తే ముఖం తిప్పుకుందని గుంపులో అందరికీ తెలుసు. వచ్చి ఆ చుట్టను దస్రు కాళ్ళ ముందు పడేసింది.

మూడు కోసులు దిగువన ఇసుకమేటలో సమ్మయ్య పడవ కూరుకుని ఉంటే, ఇవాళ పొద్దున తానొక్కతే పోయి చూసింది. మొన మీద తాడు కట్టింది కట్టినట్టే ఉంది. ముడి దస్రు వేసిందే.

"అవతల మనిషి ఉండంగ కొయ్యొద్దని లోకమంత చెప్తివి. మరి నా పెనిమిటి పడవ తాడు కోసిందెవరు బావా?"

దస్రు ముందుకు వంగాడు. కట్ల చేతులతో ఎత్తబోయాడు, తాడు జారిపోయింది. మళ్ళీ ఎత్తబోయాడు. చూడలేక బసవపున్నయ్య అందుకున్నాడు.

తాడు కొస కాలలేదు. పొగ వాసన కూడా లేదు.

ఇరవై రెండేళ్ళు తాళ్ళతో బతికిన చేతులు ఆయనవి. కొసను వెలుతురుకు తిప్పాడు. పై పీచంతా ఒకే కొలతలో చిరిగి ఉంది, రంపం లాగినట్టు. లోపలి పీచు ఒక్క వేటుకు తెగి నున్నగా ఉంది. ముందు వీపు పళ్ళతో కోసి, తరవాత కత్తి తిప్పి పదునుతో తెంపడం. లావు తాడును అట్లాగే కోయాలని నేవీలో ఆయనకు నేర్పారు. ఆయన కూడా ఒక్కరికే నేర్పాడు. సెలవులకు వేంసూరు వచ్చినప్పుడు, గడ్డివాము తాడు మీద, పన్నెండేళ్ళ మేనల్లుడికి.

అటువంటి కత్తి ఈ నది మీద ఒకటే ఉంది. అది పెట్టెలో ఉండాలి. పెట్టె ఒడ్డు మీద ఉంది. అంటే నిప్పు పుట్టకముందే ఎవరో దాన్ని పెట్టెలోంచి తీశారు. పదకొండో పడవ ఖాళీగా లేదు, అందులో మనిషి ఉన్నాడు. సమ్మయ్య, రెడ్యా మంటల్ని దాటుకుని చివరి పడవ దాకా పరిగెత్తుకొచ్చారు. అక్కడ పడవ లేదు.

ఆదెమ్మ ఇంకా దస్రునే చూస్తోంది. బసవపున్నయ్య ఆమెకు చెప్పగలిగింది ఒక్కటే. "కోసింది ఇతను కాదమ్మా. ఇతను పట్టుకున్నాడు. ఆ చేతులు చూడు."

ఆమె చూసింది. అక్కడే, అతనికి రెండు బారల దూరంలో, నేల మీద కూలబడింది. ఏడవలేదు. దస్రు కూడా ఏడవలేదు. కొబ్బరి తాడు ఇద్దరి మధ్యా పడి ఉంది. నిజం తెలిసినందువల్ల వాళ్ళకు తిరిగి వచ్చిందేమీ లేదు.

బంట్రోతు తలుపు తీసి బసవపున్నయ్యను పిలిచాడు.

* * *

విచారణాధికారి చేతులు తుడుచుకుంటున్నాడు. పక్క కుర్చీలో వెంకటరామారావు, ఇస్త్రీ చొక్కాలో. మేనమామను చూసి లేచి తన కుర్చీ ఇచ్చాడు. ఆ మర్యాద వాడికి చిన్నప్పటి నుంచీ ఉంది. కంగారేం లేదు మామయ్యా, చదివి సంతకం పెడితే చాలన్నాడు. మూలన రేకు పెట్టె ఉంది. మంట ఆరిన సాయంత్రం మిగతా సామానుతో పాటు పోలీసులు సీలు వేసి తెచ్చిన పెట్టె.

బసవపున్నయ్య రెండు కాగితాలూ బల్ల మీద పెట్టాడు. వాటి మీద తాడు ముక్క పెట్టాడు. తనకు ఒక్క మనవి ఉందని, ఆ పెట్టె తెరిపించమని అధికారిని అడిగాడు. ఎందుకంటే చెప్పలేదు. తెరిచాక చెబుతానన్నాడు.

అధికారి విసుక్కుంటూనే సీలు కోయించాడు. సీలు వేసినప్పుడు కంపెనీ అప్పగించిన చెవితో తాళం తిరిగింది. రేకు మూత కిర్రుమంటూ లేచింది.

నిజానికి ఆ క్షణంలో కూడా బసవపున్నయ్య ఒక్కటే కోరుకున్నాడు. తన కత్తి అడుగున ఉండాలి. అన్ని కత్తుల కింద, తను వేసిన చోటే ఉండాలి. తన కళ్ళు ముసలివైపోయాయని, తాడు సంగతి తనకేమీ తెలియదని రుజువు కావాలి. వీడు తన చెల్లెలి కొడుకు.

ఎర్ర పిడుల కత్తులన్నీ కింద ఉన్నాయి. అందరికంటే ముందు వేసిన కత్తి అందరి కత్తుల మీద ఉంది. రంపపు పళ్ళ మధ్య గోధుమరంగు పీచు ఇరుక్కుని ఉంది.

వెంకటరామారావు పెట్టె వైపు చూడలేదు. మేనమామ ముఖంలోకి చూశాడు. మెల్లగా వంగి, ఆయన చెవికి మాత్రమే వినబడేట్టు అన్నాడు.

"ఆ పడవలో ఉన్నది నేనొక్కడినే కాదు మామయ్యా."